భద్రగిరి త్రోవలో రెండు మజిలీలు



శ్రీరామనవమినాడు సీతారాముల కల్యాణము కన్నులార చూడవలెనని భద్రాచలమునకు రైలుబండిలో బయలుదేరు మనలో ననేకులకు డోర్నకలు జంక్షను పరిచితమే. కాజీపేటనుండి విజయవాడకు పోవు మార్గములో కొత్తగూడెమునకు శాఖ చీలునది అచ్చటనే. బండి ఆగినంతసేపు పిల్లలను లెక్కించుకొని, మూటలు సవరించుకొని, ఎప్పుడు కదలునా యని యెదురు చూతుము. స్వామిని సేవించిన మరునాడు పర్ణశాలకు పోవుదుము. పర్ణశాల దుమ్ముగూడెము మండలములోనిది. గోదావరికడ్డముగ దుమ్ముగూడెమువద్ద పాత ఆనకట్ట యొకటి కలదు. అచ్చటను మనము నిలువము.

మనము నిలువక దాటిపోవు ఈ రెండు మజిలీలలోను, నూరేండ్లకు పైబడిన కాలమున కొందరు స్త్రీపురుషులు దైవభక్తినే పునాదిగా చేసికొని, అణగియున్న జనులను ఒకచోట కూర్చి, వారి కాళ్లపై వారిని నిలువబెట్టుటకు పాటుపడిరి. వారెవ్వరు, ఏమి చేసిరి, ఎంతవరకు నెగ్గిరి, ఎక్కడ ఆగిపోయిరి అనునదియే ఈ నెల మన ముచ్చట.

ముందుగా ఒక మాట. వీరు క్రైస్తవులు. నేను రామాయణ భాగవతములు చదువుకొని పెరిగినదానను. నిత్యము తులసికోటకు దీపము పెట్టుకొనుదానను. మతము మార్చుకొనుడని చెప్పుటకు ఈ కలము పట్టలేదు. పొరుగింటి ఇల్లాలి గుణము మెచ్చుకొనుటకు ఆ యింటి కోడలు కానక్కరలేదు గదా.

భద్రాద్రి చరిత్రలోనే ఈ ముచ్చటకు నాంది కలదు. పోకల దమ్మక్క యను అడవిబిడ్డకు స్వామి స్వప్నమున కనుపించెననియు, ఆమె పుట్టలోని మూర్తులను వెలికిదీసి, తాటాకు పందిరి వేసి, తాటిపండ్లు నైవేద్యము పెట్టెననియు స్థలపురాణము చెప్పును. అటుపిమ్మట కంచెర్ల గోపన్న తహశీలుదారుగా వచ్చి ఆలయము కట్టించుటయు, 1672 మొదలు 1687 వరకు గోలకొండ నేలిన అబుల్ హసన్ తానీషా కాలమున చెర ననుభవించుటయు మనమందరము పాడుకొను కథయే. గోపన్నను తలచినంతగా దమ్మక్కను తలచుచున్నామా? ఆమె జాతివారి గుడిసెలలో పొయ్యి రాజుచున్నదా యని యెన్నడైన అడిగితిమా? దేవుని తాటాకు నీడలో నిలిపిన చేతులను మరచి, ఱాతిగోపురమునకు మాత్రమే మ్రొక్కుట నిండు భక్తి యగునా? ఈ ప్రశ్నయే దుమ్ముగూడెము కథకు దారి చూపును.

గోదావరిలో పడవలు ఎగువకు నడుపవలెనని సర్ ఆర్థర్ కాటన్ సంకల్పించిన పనులలో దుమ్ముగూడెము కట్టుబడి యొకటి. 1860 లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలు నైజామునుండి ఇంగ్లీషువారి యేలుబడిలోనికి వచ్చెను. ఆ పనులు నడపిన ఇంజనీరులలో హేగ్ అనునతడు తన చుట్టునున్న కోయలను చూచెను. వారు పోడు కొట్టి జొన్నలు పండించుకొనువారు. ఇప్పపూవు, చింతపండు, తేనె ఏరి తెచ్చి యిచ్చి, మైదానపు వర్తకులవద్ద ఉప్పును, బట్టను తీసికొనువారు. తూకము వర్తకునిది, లెక్క వర్తకునిది, అప్పు మాత్రము కోయవానిది. వీరికి చదువు చెప్పువారెవ్వరును లేరని హేగ్ చింతిల్లి, చర్చి మిషనరీ సంఘమువారిని పిలిచెను. 1860 ప్రాంతమున అచ్చట పని మొదలయ్యెను.

అయితే ఆ పనికి ముందుగా నడుము కట్టినవాడు దొర కాడు, మన తెలుగువాడే. వెంకటరామరాజు అను నతడు సర్కారు కొలువులో నుండి, క్రైస్తవమును స్వీకరించి, ఆ కొలువును విడిచి కోయల నడుమ కాపురముండ సాహసించెను. చలిజ్వరములు మనుష్యులను మ్రింగు అడవి యది. మైదానమునుండి వచ్చిన ఉద్యోగులు ఎప్పుడు బదిలీ యగునా యని దినములు లెక్కించు చోటది. అట్టిచోటికి జీతము వదలుకొని పోవుట మాటలా? తరువాత వచ్చిన జాన్ కెయిన్ అను పాదిరి కోయభాష నేర్చి, కోయల ఆచారవ్యవహారములను గూర్చి 1870 దశకములో వ్యాసములు ప్రకటించెను. మిషను స్త్రీలు అచ్చటి ఆడువారికి దారముతో లేసు అల్లుట నేర్పిరి. దుమ్ముగూడెపు లేసు పేరు దూరదేశముల వరకు పోయెను. మగవాని దయాధర్మముపై ఆధారపడక తన వ్రేళ్ల పనితో నాలుగణాలు కండ్ల చూచిన ఆడుదాని మొగములోని కాంతి యెట్టిదో మీకు చెప్పవలయునా?

కాని న్యాయము బడితోను లేసుతోను మాత్రమే రాలేదు. 1879 లో రంప కొండలలో లేచిన పితూరీ మంట రేకపల్లి సీమ వరకు ప్రాకెను. కల్లుపై పన్ను, పోడుపై పన్ను, వర్తకుల అప్పులు, పోలీసుల పీడన కలిసి అడవివారిని విండ్లు పట్టించెను. మరల 1922 మొదలు 1924 వరకు అల్లూరి సీతారామరాజు కాలమునను మన్యము అట్లే భగ్గుమనెను. ఏజెన్సీ భూములు మైదానపువారి చేతికి పోకుండ 1917 లో ఒక చట్టమును, 1959 లో మరియొక నిబంధనయు, 1970 లో దానికి మరింత బలమును వచ్చెను. బడి కన్ను తెరపించును. కాని తెరచిన కంటికి భూమి పోవుచుండుట కనబడినప్పుడు, దానిని నిలుపు చట్టము కూడ వలయును. ఈ రెండింటిలో ఒకటి చాలునన్నవారు సగము బండినే తోలినవారు.

ఇక డోర్నకలు కథ. దీనికి నాయకుడు తమిళుడు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874 లో తిరునల్వేలి సీమలోని వెల్లాలన్‌విళై గ్రామమున పుట్టెను. తండ్రి పల్లెటూరి గురువు. వారిది నాడారు కులము. ఒకప్పుడు దేవాలయముల గడప త్రొక్కనీయబడని కులము. ఒకరి వాకిట బయట నిలువవలసి వచ్చినవారి యింటిలో పుట్టుటచేత, బయట నిలిచినవారి బాధ అతనికి పుస్తకములో చదివి తెలిసికొనవలసిన పని లేకపోయెను.

1903 లో తిరునల్వేలి క్రైస్తవులు తమలో తాము చందాలు వేసికొని స్వదేశీ మిషనరీ సంఘమును స్థాపించిరి. దొరల ధనము వలదు, మన ధనముతో మనవారికే సేవ చేయుదమని వారి పట్టుదల. ఆ సంఘము తరఫున తెలుగుదేశమునకు మొదట వచ్చినవాడు శామ్యూల్ పాక్యనాథన్. అజరయ్య అంతకుముందు పట్టణములలో యువజన సంఘపు కార్యదర్శిగా మంచి పేరు గడించినవాడు. ఇతరులను పంపి తాను సుఖముగా నుండుట తగదని యెంచి, 1909 లో గురువుగా అభిషేకము పొంది, నైజాము రాజ్యములోని డోర్నకలు అడవికి తానే వచ్చెను. ముప్పదియైదేండ్ల వయస్సున తెలుగు ఓనమాలు దిద్దెను. 1910 లో స్కాట్లండు దేశపు ఎడింబరో పట్టణమున జరిగిన గొప్ప సభలో, మీరు మాకు త్యాగము చూపితిరి, ధనము చూపితిరి, సమానులను చూచు స్నేహము మాత్రము చూపరైతిరి అను భావము వచ్చునట్లు దొరల మొగముమీదనే పలికెను. అట్లు పలికినవానినే 1912 డిశంబరు 29 న కలకత్తాలో బిషప్పుగా చేసిరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవి పొందిన మొదటి భారతీయుడతడే. తెల్లవారిలోనేగాక భారతీయులలో కూడ అడ్డుపడినవారు లేకపోలేదు. 1920 తరువాత ఖమ్మము, దుమ్ముగూడెము మొదలు కృష్ణాతీరము వరకు గల పాత మిషను ప్రాంతములు కూడ డోర్నకలు క్రిందికి చేరెను. ఇట్లు మన రెండు మజిలీలు ఒకే త్రోవ యయ్యెను.

సోదరీమణులారా, బిషప్పుగారిని లోకము పొగడెను. నేను మీకు ముఖ్యముగా చెప్పదలచినది ఆయన భార్య అన్బు మరియమ్మాళ్‌ను గూర్చి. దక్షిణదేశపు క్రైస్తవ స్త్రీలలో కళాశాల చదువు చదివిన మొదటివారిలో ఆమె యొకతె. 1898 లో వివాహమయ్యెను. అంత చదువు చదివిన ఇల్లాలు పట్టణము విడిచి, పులులు తిరుగు సీమలో కాపురము పెట్టి, పల్లెలకు పంపబడు పంతుళ్ల భార్యలకు అక్షరములు, పరిశుభ్రత, శిశుపోషణ నేర్పెను. డోర్నకలులో ఒక నియమముండెను: పంతులు చదువుకొనుటకు వచ్చినచో భార్యయు వచ్చి చదువవలెను. ఏలనగా పల్లెకు పోవునది ఒక మనుష్యుడు కాదు, ఒక సంసారము. పంతులు వీధి యరుగుమీద చెప్పు పాఠము మగపిల్లలకు చేరును. పంతులమ్మ పొయ్యివద్ద చెప్పు మాటయే తల్లులకు చేరును. పరిపాలనా గ్రంథములలో ఈ పంతులమ్మల పేర్లు దొరకవు. కాని వందలకొలది పల్లెలలో ఆ సంఘమును నిలిపినది వారి చేతులే.

ఆ పల్లెలెట్టివి? ఎక్కువగా మాల మాదిగ వాడలు. వెట్టి చేయుట, చచ్చిన పశువును మోయుట, దొర కబురు కూలి లేక మోసికొని పోవుట వారి బ్రదుకు. ఒక్కడు తిరుగబడినచో వానిని నలిపివేయుట సులభము. కావున వారు ఒక్కొక్కరుగా గాక, వాడయంతయు కూర్చుండి పెద్దల యెదుట తర్కించుకొని, కలిసి నిర్ణయము చేసికొనెడివారు. కలిసి నిలిచినందుననే నిలువగలిగిరి. చచ్చిన పశువు మాంసము తినమనియు, వారమున కొకదినము పనికి రామనియు అన్నప్పుడు, చాల గ్రామములలో ఆసాములు అలిగిరి, కూలి మానిపించిరి. అయినను వాడ చెదరలేదు.

బిషప్పుగారు ఊరూర చెప్పునది నాలుగు దయ్యములను గూర్చి: మురికి, రోగము, అప్పు, త్రాగుడు. గ్రామదేవతకు జంకువారికి, అసలు జంకవలసిన దయ్యములివి యని చూపుట ఎంత యుక్తి! తెలుగు కీర్తనలు, భజనలు, పంట పండుగలు, పందిట కూర్చుండి వినుట — అన్నియు మన పల్లె తీరుననే జరిపించెను. 1939 జనవరి 6 న ప్రతిష్ఠ జరిగిన డోర్నకలు దేవళమును చూచినచో, దేవాలయపు స్తంభములు, మసీదు గుమ్మటములు, క్రైస్తవ శిలువ ఒక్కచోట చేతులు కలిపినట్లుండును.

ధనమెక్కడిది? ఇక్కడనే మన గృహిణులు చెవి యొగ్గవలెను. వంటకు బియ్యము కొలుచునప్పుడు ఇల్లాలు పిడికెడు తీసి వేరొక కుండలో వేయును. వారాంతమున ఆ కుండ సంఘమునకు చేరును. కోడియో, గుమ్మడికాయయో, నూలుపోగో — ఉన్నదే కానుక. మా వారు పనిచేయు బడికి మాదిగవాడనుండి వచ్చు ఒక బాలిక నాయనమ్మ, నేను అడుగగా, ఇట్లు చెప్పినది:

“పంతులమ్మా, మా అత్త పొయ్యిమీద కుండ పెట్టేముందు పిడికెడు తీసి పక్కకు పెట్టేదంట. ఇంట్ల గంజి తాగిన నాడు గూడ తీసేదంట. ఎందుకే అత్తా అంటే, ‘ఇన్నేండ్లు చెయ్యి చాపినం, ఇప్పుడు ఇచ్చేటోళ్లలో మనం గూడ ఉండాలె గద బిడ్డా’ అనేదంట.”

“అవ్వా, ఆ కుండ ఇంకను ఉన్నదా?” అంటిని.

“కుండ పోయింది గని, అలవాటు పోలే” అన్నది.

నేను చదివిన ధర్మశాస్త్రములలో దానమును గూర్చి చాల శ్లోకములు కలవు. తీసికొనుటకే పుట్టినవారని లోకము తీర్పు చెప్పినవారు, ఇచ్చువారమని తలయెత్తుటయే దానములలో మిన్న యని ఆ అవ్వ మాటవలన గాని నాకు బోధపడలేదు.

ఇక చిక్కు ప్రశ్న. 1930 దశకములో మహాత్ముడు ఈ మూకుమ్మడి మతాంతరములను నిరసించెను. మతముల తారతమ్యము విచారించు శక్తి ఈ దీనజనులకు లేదనియు, ఆశ చూపి మార్చుట అగుననియు ఆయన తలంపు. వారికిని బుద్ధి కలదు, తమ మేలు తామెరుగుదురు అని అజరయ్య పక్షమువారి వాదము. అదే అజరయ్య, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని, అందరితో కలిసియే యుండవలెనని చెప్పినవాడును. మహాత్మునిపై నాకు గల భక్తి తక్కువది కాదు. అయినను ఒక్క సంగతి మీ ముందుంచెదను. చదువురానివారికి మంచిచెడ్డలు తెలియవు, వారి తరఫున మేమే ఆలోచింతుము అను మాటను మనము ఇంతకు పూర్వము ఎక్కడ వింటిమి? మన పుట్టింటిలోను, మెట్టినింటిలోను, మన గూర్చియే కదా! స్త్రీకి ఆస్తి యేల, చదువేల, ఓటేల అన్న పెద్దలు మన మేలు కోరియే అట్లనిరి. మన విషయములో ఆ మాట తప్పైనచో, వాడలోని ఆడుదాని విషయములో ఒప్పెట్లగును?

మంచిని చెప్పి లోపమును దాచుట న్యాయము కాదు. ఒకే దేవుని బిడ్డలమని పాడిన నోటితోనే, మాలయని మాదిగయని పంక్తులు వేరు చేసికొన్నవారు ఆ సంఘములలోను ఉండిరి. అజరయ్య జీవితాంతము దానితో పోరాడెను, పూర్తిగా గెలువలేకపోయెను. 1945 జనవరి 1 న డోర్నకలులోనే కన్నుమూసెను. ఆయన 1919 నుండి పాటుపడిన సంఘముల ఐక్యత 1947 సెప్టెంబరు 27 న దక్షిణ ఇండియా సంఘముగా ఫలించుటను చూడ నోచుకొనలేదు.

మరియొక చిక్కు చట్టము తెచ్చినది. 1950 లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హక్కులను హిందువులకు మాత్రమే పరిమితము చేసెను. 1956 లో సిక్కులను, 1990 లో బౌద్ధులను చేర్చిరి. క్రైస్తవులైన మాల మాదిగలను చేర్చలేదు. మన రాష్ట్రములలో వారిని వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గముగా లెక్కింతురు. కోయలకు ఈ యడ్డంకి లేదు. షెడ్యూల్డు తెగలకు మతము అడ్డురాదు. కావున దుమ్ముగూడెపు కోయ క్రైస్తవునికి నిలిచిన హక్కు, డోర్నకలు మాదిగ క్రైస్తవునికి నిలువదు. దేవుని మార్చినంతమాత్రమున ఊరిలో వాని గుడిసె చోటు మారినదా, వానిని పిలుచు పిలుపు మారినదా యని అడుగువారి ప్రశ్నకు సమాధానము చెప్పవలసియే యున్నది.

ఇట్టి పని ఒక్క మతమువారి సొత్తనియు భ్రమపడరాదు. హైదరాబాదున భాగ్యరెడ్డి వర్మ 1906 లో జగన్మిత్ర మండలిని స్థాపించి, హరికథలద్వారా వాడవాడలను మేల్కొలిపెను. 1911 లో మాన్య సంఘము నెలకొల్పి, ఆడుబిడ్డలను దేవతల పేర జోగినులుగా విడుచు దురాచారముపై యుద్ధము సాగించెను. దారి వేరైనను పని యొక్కటే: దేవుని పేర మనిషిని క్రిందికి త్రొక్కువారికి, దేవుని పేరనే మనిషిని పైకి లేపి చూపుట.

అయిన మన మేమి చేయగలమని అడుగుదురేమో. మనకు సభలు లేవు, పదవులు లేవు, వంటయిల్లు కలదు. మొదటిది, మన యింట పనిచేయు ఆమెకు వేరుగ నుంచిన గ్లాసు ఏ గూటిలోనున్నదో నేడే చూడుడు. దానిని తీసివేయుటకు ఏ సంఘపు అనుమతియు అక్కరలేదు. రెండవది, ఆమె బిడ్డ బడికి పోవుచున్నదా యని అడుగుడు. పోనిచో ఎందులకో తెలిసికొనుడు. మూడవది, మీ వీధిలో నలుగురు ఇల్లాండ్రు కలిసి పిడికెడు బియ్యపు కుండ పెట్టుకొనుడు. అయితే అది ఎవరికి పోవలెనో నిర్ణయించునప్పుడు, వాడలోని స్త్రీలను కూడ చాపమీద మీ ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. వారిని పిలువకయే వారికి మేలు చేయుదమనుకొన్నచో, మనము మరల పాతపాటనే పాడినవారమగుదుము.

పంతులమ్మలు పొయ్యిప్రక్క కూర్చుండి చేసిన పని యిదియే. ఇట్లు ప్రయత్నించిన సోదరీమణులు తమ యనుభవములను, ఎదురైన అభ్యంతరములను వ్రాసి పంపిన యెడల, పేర్లు ప్రకటింపకయే రాబోవు సంచికలలో ఇక్కడనే ముచ్చటించుకొందము.